పెరట్లో దొరికిన సాక్షి

లాండ్రీ గది నుంచి

చెల్లీ,

ఈ ఉత్తరం పైవాటాలో అద్దెకుండే టైలరమ్మ చేత రాయిస్తున్నాను. నేను ఏమంటే అదే రాయమన్నాను, తిట్లతో సహా. తిట్టు వచ్చిన చోటల్లా ఆవిడ పెన్ను ఆపి నా మొహంలోకి చూస్తోంది. రాయమ్మా, నా చెల్లెలికి నా నోరు కొత్తేమీ కాదు అన్నాను.

నిన్న పొద్దున బట్టలుతికే బండ పక్కన మట్టి కదిలింది. ఎలకేమోనని చీపురు తిరగేసి పట్టుకున్నాను. మట్టి పెళ్ళ పక్కకి జరిగి, లోపల్నుంచి ముందు ఒక ముక్కు, తర్వాత ఒక మెడ, ఆ తర్వాత మెల్లగా మొత్తం ప్రాణి బయటికొచ్చింది. తాబేలు పిల్ల. చొక్కా జేబులో వేసుకుంటే పైకి తెలియనంత చిన్నది. నేను చీపురు కింద పడేసి ఆ మట్టిలోనే చతికిలబడి నవ్వాను. మీ బావ పోయాక నేను నవ్వడం అదే మొదటిసారి. మంచి నవ్వు కాదులే. నాకు తెలుసు.

ఎందుకు నవ్వానో నీకు తెలియాలంటే మొదటి నుంచీ చెప్పాలి. నువ్వు మీ బావ పోయిన రోజు వచ్చి సాయంత్రానికే వెళ్ళిపోయావు, ఏదీ సరిగ్గా వినలేదు.

మా పెరటి గోడ అవతల కుంట ఉండేది కదా. మీ బావకి చూపు మందగించాక అదే ఆయన లోకం. గట్టు మీద కుర్చీ వేసుకుని కప్పల గోల వింటూ కూర్చునేవాడు. నిరుడు వానలు వెనకబట్టాక, ఆయన్ని కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళి వచ్చేసరికి, ఆ కుంట లేదు. పక్కింటి కాంట్రాక్టరు, నేను సిమెంటయ్య అంటానే, వాడు అక్కడ మేడ కట్టుకోవడానికి లారీలు పెట్టించి రాళ్ళూ మట్టీ పోయించేశాడు. మీ బావ మర్నాడు అలవాటు కొద్దీ కర్ర పట్టుకుని అటే నడిచాడు. రాళ్ళ మీద పడ్డాడు. తుంటి విరిగింది. మంచం మీద నుంచి మళ్ళీ లేవలేదు. డాక్టరు ఏదో జ్వరం పేరు చెప్పాడు. నాకైతే ఆయన్ని చంపిన జ్వరం పేరు సిమెంటయ్యే.

నేను సర్వే ఆఫీసుకి వెళ్ళి మొరపెట్టుకున్నాను. విచారణకి వచ్చారు. సిమెంటయ్య ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, ఆ ఇస్త్రీ చేసింది నేను కాదులే, చేతులు కట్టుకుని, “ఇక్కడ కుంట ఎప్పుడూ లేదు సార్, ఎండు నేల, చెత్త పోసే జాగా. పెద్దావిడ పాపం మతి తప్పి మాట్లాడుతున్నారు” అన్నాడు. వాడి గదుల్లో అద్దెకుండే వాళ్ళందరూ తలలూపారు. ఆఫీసు మ్యాపులో కూడా ఖాళీ జాగా అనే ఉందట. సర్వే ఆఫీసరు, “అమ్మా, అక్కడ నీళ్ళుండేవని చూపించేది ఏదైనా తీసుకురండి, పునాది ఆపుతాను” అని వెళ్ళిపోయాడు. నీళ్ళని ఎక్కణ్ణుంచి తేను చెల్లీ, మూటకట్టి దాచానా?

ఇప్పుడు మట్టే తెచ్చిచ్చింది. తాబేలు ఎండు నేలలో పుడుతుందా? నువ్వు జూలో తాబేళ్ళ మడుగు దగ్గర ఉద్యోగం చేశావు, నీకన్నా ఎవరికి తెలుసు? ఇది ఏ జాతిది, ఎక్కడ పుట్టింది, ఎన్నాళ్ళ పిల్ల, అన్నీ విడమర్చి రాయి. పునాది మొదలయ్యే లోపు మళ్ళీ విచారణ ఉంది. సిమెంటయ్య నోటితోనే కుంట ఉండేదని ఊరందరి ముందూ చెప్పించాలి. అది విన్నాక నేను పోయినా ఫరవాలేదు. వినకుండా మాత్రం పోను.

అక్క


అమ్మాయి ఇల్లు, వంటగది కిటికీ దగ్గర

అక్కా,

నీ ఉత్తరం చదివి అమ్మాయి కూడా నవ్వింది. పిల్ల పుట్టిన దగ్గర్నుంచి దానికి నిద్ర లేదు, నవ్వడం మర్చిపోయిందేమో అనుకున్నాను. బాలింత, చంటిదీ ఇద్దరూ బాగున్నారు. అల్లుడికి పని నిలకడగానే ఉంది.

తాబేలు సంగతి. తొందరపడకు. ఈ రోజుల్లో ప్రతి వీధిలో పెంపుడు జంతువుల కొట్టు ఉంది. చెవి దగ్గర ఎర్ర గీత ఉన్న తాబేళ్ళని పిల్లలకి కొనిపెడతారు, అవి తొట్టెల్లోంచి తప్పించుకుని ఇళ్ళ మధ్య తిరుగుతుంటాయి. జూకి వారానికొకరు అట్టపెట్టెలో తెచ్చేవాళ్ళు. నీది కూడా అలాంటిదే అయ్యుండొచ్చు. కాంట్రాక్టరు వాళ్ళమ్మాయి దగ్గర తొట్టె ఉందని నువ్వే ఒకసారి అన్నట్టు గుర్తు.

అయినా అడిగావు కాబట్టి చెప్తున్నాను. పగటి వెలుగులో పట్టుకుని చూడు. చిప్ప గట్టిగా గోరుతో కొడితే టక్కుమంటోందా, మెత్తగా ఉందా? చెవి దగ్గర ఎరుపు ఉందా? ముక్కు ఎలా ఉంది? ముక్కు చివర తెల్ల ముల్లేమైనా కనిపిస్తోందా? వెల్లకిలా తిప్పితే పొట్ట మధ్యలో మచ్చ ఉందా? నీళ్ళు మాత్రం లోతుగా పోయకు, దాని వీపు తడిస్తే చాలు. తాబేలంటే ఈదుతుంది కదా అని చాలామంది బకెట్లో వేసి ముంచేస్తారు.

ఎంతసేపూ ఆ కాంట్రాక్టరు గొడవేనా అక్కా? బావ పోయాడు. కుంట తిరిగొస్తే ఆయన తిరిగొస్తాడా? నీ ఆరోగ్యం చూసుకో. ఈ వయసులో ఆఫీసుల చుట్టూ తిరిగి ఏం సాధిస్తావు? పిల్లని చూడ్డానికి రా, ఇక్కడే కొన్నాళ్ళుండు.

చెల్లి


లాండ్రీ గది నుంచి

చెల్లీ,

టైలరమ్మ నీ ఉత్తరం చదువుతుంటే మధ్యలో ఆపి, “ఇది నిజంగా మీ చెల్లెలే రాసిందా? ఆఫీసు గుమాస్తా రాసినట్టుంది” అంది. నాకూ అదే అనిపించింది. ఏం సాధిస్తావంటావా? ఆ మాట సిమెంటయ్య అన్నా నాకు ఇంత మండేది కాదు.

నువ్వు చెప్పినట్టే చూశాం. నా కళ్ళు సగం, టైలరమ్మ కళ్ళు సగం. సూదిలో దారం ఎక్కించే కళ్ళు ఆవిడవి, కాబట్టి నమ్ము.

చిప్ప టక్కుమనదు. గోరు పెడితే తడి తోలుబూటు మీద పెట్టినట్టుంది. ఆకుపచ్చ మీద పసుపు చుక్కలున్నాయి. ఎరుపు ఎక్కడా లేదు, చెవి దగ్గరా లేదు, ఇంకెక్కడా లేదు. ముక్కు పంది పిల్ల ముక్కులా గొట్టంగా ముందుకొచ్చింది. దాని చివర నూకగింజంత తెల్ల ముల్లుంది. టైలరమ్మ గుండుసూది గుచ్చుకుందేమోనని తియ్యబోయింది, నేను చెయ్యి మీద ఒకటి వేశాను. వెల్లకిలా తిప్పితే పొట్ట మీద చిన్న మచ్చ, చంటిపిల్ల బొడ్డులా. అది కోపంతో కాళ్ళు లోపలికి లాక్కుంది చూడు, వెనక కాళ్ళ మీద రెండు తోలు రేకులు కొట్టు తలుపుల్లా మూతపడ్డాయి! అది నువ్వు అడగలేదు. ఎందుకడగలేదు? మడుగు దగ్గర అన్నేళ్ళు చేసినదానివి, అసలైన గుర్తు అడగడం మర్చిపోయావా?

ఇంకో సంగతి. సిమెంటయ్య గోడ మీదుగా చూశాడు. ఎవరో చెప్పుంటారు. ఊరంతా నా పెరట్లోనే చెవులు ఆరేసుకుంటుంది. “ఏంటమ్మా, ఏదో తాబేలు దొరికిందట?” అన్నాడు.

“దొరికింది బాబూ. మీ ఎండు నేల కన్నది.”

వాడి మొహం ఒక్క క్షణం గట్టిపడింది. అంతలోనే నవ్వాడు. “అయ్యో, అది మా అమ్మాయిది! తొట్టెలోంచి తప్పించుకుంది, వారం నుంచి ఏడుస్తోంది. ఇచ్చేయండమ్మా.”

“మీదేనా?”

“మాదే. కొట్లో కొన్నాం.”

“సరిగ్గా చూసి చెప్పు. తర్వాత మాట మార్చకూడదు.”

“మాదేనమ్మా, చూసేదేముంది!” అన్నాడు, చూడకుండానే.

నేను ఇవ్వలేదు. మీ అమ్మాయి వచ్చి అడగనీ అన్నాను. ఇప్పుడు నువ్వు చెప్పు. నేను అడిగినదానికి అడిగినట్టు చెప్పు. పిల్లని చూడ్డానికి రమ్మనడం, ఆరోగ్యం చూసుకోమనడం, ఇవన్నీ వేరే ఉత్తరంలో రాయి.

అక్క


అమ్మాయి ఇల్లు, మేడ మీద

అక్కా,

చంటిదాన్ని అమ్మాయి దగ్గర పడుకోబెట్టి పైకొచ్చి రాస్తున్నాను.

అది మెత్త చిప్ప తాబేలు. ఆ తోలు రేకుల సంగతి చదివాక ఇంక నాకు అనుమానం లేదు. కుంటల్లో, బురద నీళ్ళలో బతికే జాతి. కొట్లో అమ్మరు, అమ్మకూడదు. ముక్కు మీది తెల్ల ముల్లు గుడ్డు పెంకు చీల్చుకోవడానికి. బయటికొచ్చిన కొద్ది రోజులకే రాలిపోతుంది. పొట్ట మీది మచ్చ గుడ్డు సొన అంటుకున్న చోటు. అంటే అది ఎక్కణ్ణుంచో నడిచి వచ్చినది కాదు, నీ బండ పక్కనే గుడ్డు పగిలింది.

ఈ జాతి గుడ్లు మట్టిలో చాలా కాలం ఉంటాయి. పెట్టిన దగ్గర్నుంచి పిల్ల బయటికి రావడానికి ఏడాది దాకా పట్టొచ్చు. తల్లి నీళ్ళలోంచి వచ్చి గట్టు మీద మెత్తటి నేల చూసి గుంట తవ్వి పెట్టి, మళ్ళీ నీళ్ళలోకి పోతుంది. నీ ఉతికిన నీళ్ళు కుంటలోకి పోయే గోడ తూములోంచి వచ్చుంటుంది. కాబట్టి ఆ గుడ్లు కుంట పూడ్చకముందువి. ఆ రోజున అక్కడ నీళ్ళున్నాయి. నువ్వు చెప్పిందే నిజం. చాలా?

ఇప్పుడు నేను చెప్పేది కూడా విను. ఈ తాబేళ్ళని ఇంట్లో ఉంచుకోవడం నేరం. ఎవరి దగ్గర కనిపిస్తే వాళ్ళ మీద కేసు. నీ మీద కూడా. ఒక్క రోజు కూడా ఆగకుండా అటవీ ఆఫీసుకి కబురు పెట్టి అప్పగించు. దొరికిన చోటు చూపించు, నేను రాసినది చూపించు. అంతే చాలు, పునాది ఆగిపోతుంది. నీ పని అయిపోతుంది.

కాంట్రాక్టరు మీద కోపం కాంట్రాక్టరు మీదే ఉంచు. లారీలు ఎవరివి, కూలీలెవరు, ఎవరు తోలారు, ఇవన్నీ విచారణలో లాగకు. వాళ్ళు పొట్టకూటి కోసం చెప్పిన చోట పోస్తారు. వాళ్ళకేం తెలుసు? వాళ్ళ ఇళ్ళల్లోనూ చంటిపిల్లలుంటారు. ఇది ఒక్కటే నిన్ను కోరేది.

చెల్లి


లాండ్రీ గది నుంచి

చెల్లీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాను. ఉంచుకున్నవాళ్ళ మీద కేసు అన్న మాట దగ్గర మూడోసారి.

తాబేలు ఇప్పుడు నా దగ్గర లేదు. సిమెంటయ్యకి ఇచ్చేశాను.

టైలరమ్మ పెన్ను పడేసి నా వైపు చూస్తోంది. ఇవ్వడం ఆవిడ కూడా చూసింది, అయినా ఆ మాట రాయడానికి చెయ్యి రావట్లేదట. రాయి తల్లీ.

ఇచ్చే ముందు ఒక పని చేశాను. నాకు అక్షరం ముక్క రాదు కానీ గుర్తులు వచ్చు. ఏ ఇంటి బట్టలు ఏవో కలిసిపోకుండా ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు, కాలరు లోపలా తువ్వాలు అంచు మడతలోనూ చెరగని సిరాతో వేస్తాను. జీవితమంతా చదివింది ఆ చదువే. సిమెంటయ్య ఇంటి గుర్తు రెండు నిలువు గీతలు, పక్కన చుక్క. వాడి బట్టలు ఇప్పుడు నా దగ్గరికి రావు కానీ, పాత చొక్కాలన్నిటి మీదా ఆ గుర్తుంది. తాబేలు పిల్ల చిప్ప మీద, తోక వైపు, వాడి గుర్తు వేశాను. మీదే అన్నావుగా బాబూ, మీ వస్తువు మీద మీ గుర్తుండాలి.

వీధిలో నీళ్ళ ట్యాంకరు వచ్చిన టైము చూసి, అందరూ బిందెలతో నిలబడ్డప్పుడు, గిన్నెలో పెట్టి వాడి గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళాను. “బాబూ, నాదే పొరపాటు. ఇది మీ అమ్మాయిదే. ఇదిగో” అన్నాను. వాడు ఎంత పొంగిపోయాడో! “చూశారా, పెద్దావిడే ఒప్పుకున్నారు, మాదేనని” అని అందరికీ వినపడేలా అన్నాడు. మళ్ళీ ఒకసారి అను బాబూ, నాకు చెవుడు అన్నాను. మళ్ళీ అన్నాడు.

ఇక నీ రెండో మాటకొస్తాను. లారీ ఎవరు తోలారో లాగకు అన్నావు.

మీ బావ పడ్డ చోట, ఆయన్ని లేపడానికి వంగినప్పుడు, రాళ్ళ మధ్య ఒక తువ్వాలు దొరికింది. తలకి చుట్టుకుని పని చేసి, చెమటకి బరువెక్కితే పడేసినది. అంచు మడత విప్పి చూశాను. మూడు గీతలు, మధ్యలో అడ్డగీత. ఆ గుర్తు వేసింది నేనే. మీ ఇంటి గుర్తు. నీ కూతురి పెళ్ళికి నేనిచ్చిన తువ్వాళ్ళ జతలో ఒకటి. ఉతికి, ఆరేసి, మడతపెట్టి ఉంచాను. ఎవరికీ చెప్పలేదు. మీ బావకి కూడా.

నువ్వు చెప్తావని చూశాను. ఆయన పోయిన రోజు వచ్చావు, నా చెయ్యి పట్టుకుని కూర్చున్నావు, పెరటి తలుపు వైపు ఒక్కసారి కూడా తల తిప్పలేదు. అప్పుడే నీకు తెలుసని నాకు తెలిసింది. తాబేలు దొరికినప్పుడు ఇంకో అవకాశం ఇద్దామనుకున్నాను. ఎర్ర గీత తాబేలు అన్నావు. తర్వాత నిజం చెప్పావు, కానీ ఆ నిజం పక్కనే నీ అల్లుణ్ణి దాచిపెట్టావు, పేరు లేకుండా, చంటిపిల్లని అడ్డం పెట్టి.

విచారణ వచ్చే వారం. లారీ గురించి అడిగితే నేను తువ్వాలు చూపిస్తానో లేదో ఇప్పుడు చెప్పను. నువ్వు కూడా కొన్నాళ్ళు తెలియకుండా ఉండి చూడు, ఎలా ఉంటుందో.

అక్క


అమ్మాయి ఇల్లు

అక్కా,

జీవం ఉన్న చర్మం మీద సిరా వేశావా? అది గట్టి చిప్ప కాదు, చర్మం! ఎంత చదివి చెప్పినా నీకు అది ఒక బట్ట ముక్కే. పైగా దాన్ని తీసుకెళ్ళి వాడి చేతిలోనే పెట్టావు. వాడు రాత్రికి రాత్రి కాలువలో పడేస్తే? కాలితో తొక్కితే? నీ సాక్షీ పోతుంది, ఒక ప్రాణమూ పోతుంది. పగ నీ కళ్ళని బావ కళ్ళ కన్నా ఎక్కువ మూసేసింది.

తెలుసు. అవును, తెలుసు. అల్లుడు ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. ఎందుకు బాబూ అంటే చెప్పాడు. అమ్మాయికి అప్పుడే నెల తప్పింది, అతనికి వేరే పని లేదు. నేను నోరు మూసుకోమన్నాను. తర్వాత నేనే మూసుకున్నాను. నువ్వు తిట్టినవన్నీ టైలరమ్మ రాసిందో లేదో కానీ, రాయనివి కూడా నాకు వినిపించాయి.

విచారణ రోజు అతన్ని నీ దగ్గరికి పంపుతున్నాను. నువ్వు రమ్మన్నావని చెప్పలేదు. వెళ్ళి ఆవిడ ముందు నిలబడు అని మాత్రమే చెప్పాను. ఏం చేస్తావో చెయ్యి.

చెల్లి


లాండ్రీ గది నుంచి

చెల్లీ,

అయింది. వరసగా చెప్తాను, అడ్డు రాకు.

సర్వే ఆఫీసరు వచ్చాడు. నేను కబురు పెట్టించిన అటవీ ఆఫీసరమ్మ కూడా వచ్చింది, చిన్న వయసు, జోళ్ళ నిండా బురద, చూడగానే నాకు నచ్చింది. వీధి వీధంతా గోడ దగ్గరే ఉంది. సిమెంటయ్య కుర్చీలు వేయించాడు. నాకు కూడా ఒకటి వేయించాడు, మర్యాదస్తుడు.

“పెద్దమ్మా, నీళ్ళుండేవని చూపించేది ఏదో దొరికిందన్నారు?” అన్నాడు సర్వే ఆఫీసరు.

“దొరికింది బాబూ. తాబేలు పిల్ల. కానీ అది తనదేనని ఈయన అంటే ఇచ్చేశాను.”

సిమెంటయ్య నవ్వాడు. “మా అమ్మాయి పెంచుకునేది సార్. కావాలంటే చూడండి” అని తనే లోపలికెళ్ళి తొట్టె తెచ్చాడు! నువ్వు భయపడ్డట్టు కాలువలో పడేయలేదు. వాళ్ళమ్మాయి పడేయనివ్వలేదట. ఎర్ర గీతల తాబేళ్ళు రెండు, వాటి మధ్య మన పిల్ల, ముక్కు పైకెత్తి.

ఆఫీసరమ్మ వంగి చూసింది. చూసి, చాలా మెల్లగా అడిగింది, “ఇది కూడా మీదేనా?”

“మాదేనండీ. కొట్లో కొన్నాం.”

“ఏ కొట్లో?”

వాడు ఏదో కొట్టు పేరు చెప్పాడు.

“దీన్ని ఏ కొట్టూ అమ్మదు. అమ్మినా కొన్నా ఉంచుకున్నా జైలు” అంది ఆవిడ.

సిమెంటయ్య తొట్టెని కిందపెట్టేశాడు, కాలినట్టు. “మాది కాదు మేడం! ఈ ముసలావిడే తెచ్చి ఇచ్చింది!”

“మీది కాదా? మరి ఈ గుర్తేంటి?” అంది ఆవిడ. వీపు మీద రెండు గీతలు, చుక్క. నేను కుర్చీలోంచే, “బాబూ, నీ కాలరు ఒక్కసారి తిప్పి చూపించు” అన్నాను. వాడు చూపించలేదు. పక్కనున్న పాలాయన వాడి మెడ వెనక్కి తొంగిచూసి పకపకా నవ్వాడు.

వాడు నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, “అమ్మా, మీరే ఇచ్చారని ఒక్క మాట చెప్పండి, మీ కాళ్ళు పట్టుకుంటాను” అన్నాడు.

“చెప్తాను. నేనే ఇచ్చానని చెప్తాను, గుర్తు కూడా నేనే వేశానని చెప్తాను. మా పెరట్లో పుట్టిందని కూడా చెప్తాను. నీటి పక్కన తప్ప పుట్టని జాతని, ఆ నీళ్ళు నువ్వు పూడ్చావనీ చెప్తాను. సగం చెప్పడం నాకు చేతకాదు. నువ్వు ఏది కావాలంటే అది ఒప్పుకో. తాబేలైనా నీది, కుంట పూడ్చిన పనైనా నీది.”

వాడు జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు. కారుతున్న చెమటని చూస్తూ నేనూ కూర్చున్నాను. నాకు తొందరేముంది? చివరికి సర్వే ఆఫీసరు వైపు తిరిగి, “కుంట ఉండేది సార్” అన్నాడు.

“నాకు వినపడలేదు” అన్నాను.

“కుంట ఉండేది!”

“నాకు చెవుడు కాదు బాబూ, వెనకాల ఉన్నవాళ్ళకి వినపడాలి. నీళ్ళతో ఉండేదా?”

“నీళ్ళతో ఉండేది. నేనే పూడిపించాను.”

మీ బావ వింటే ఏమనేవాడో తెలియదు. పోనీలే అనేవాడు, ఆయన ఎప్పుడూ అంతే. అందుకే ఆయన్ని అడగలేదు.

అప్పుడు నీ అల్లుడు. అప్పటిదాకా గుంపు వెనకాల నిలబడ్డాడు, నేను చూసీ చూడనట్టున్నాను. తువ్వాలు నా ఒళ్ళోనే ఉంది. తీయాల్సిన పని లేకుండానే అతను ముందుకొచ్చాడు. “లారీ తోలింది నేనే సార్. మొదటి లోడు పోసినప్పుడు నీళ్ళు ఎగిరి లారీ అద్దం మీద పడ్డాయి. తుడుచుకుని రెండో లోడుకి వెళ్ళాను” అన్నాడు. ఎవరూ అడగకుండానే అన్నాడు. అన్నాక నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

నేను లేచి చెంప మీద ఒకటి ఇచ్చాను. గట్టిగా. సర్వే ఆఫీసరు అమ్మా అమ్మా అన్నాడు. కొట్టింది అతన్ని కాదు, నిన్ను. నువ్వు దూరంగా ఉన్నావు కాబట్టి అతనికి తగిలింది.

పునాది ఆగిపోయింది. పోసినదంతా తన ఖర్చుతో ఎత్తించాలని సిమెంటయ్యకి ఉత్తర్వు వచ్చింది. అన్న మాట ప్రకారం తాబేలు నేనే ఇచ్చానని చెప్పాను, వాడి మీద ఆ కేసు పెట్టలేదు. నాకు కూడా ఆఫీసరమ్మ నాలుగు చీవాట్లు పెట్టింది, సిరా వేసినందుకూ, అన్నాళ్ళు గిన్నెలో దాచినందుకూ. తల వంచుకుని పడ్డాను, ఆవిడ మాట న్యాయంగా ఉంది. పిల్లని ఆవిడే తీసుకెళ్ళింది, ఊరి అవతల బురద చెరువులో వదులుతానంది. సిరా చర్మంతో పాటు పొరగా ఊడిపోతోందట. సిమెంటయ్య కూతురు వీధి చివరిదాకా జీపు వెంట ఏడుస్తూ పరిగెత్తింది. అది ఒక్కటే నాకు మింగుడు పడలేదు. మిగతాదంతా కడుపు నిండా ఉంది.

ఇప్పుడు రోజూ పెరటి గోడ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాను. రాళ్ళు లేస్తున్నాయి. లారీ తోలేది నీ అల్లుడే, పోసినవాడే ఎత్తాలని నేనే పట్టుబట్టాను. కూలి సిమెంటయ్య ఇస్తాడు. సిమెంటయ్య పొద్దునా సాయంత్రం పని చూసుకోవడానికి వస్తాడు, నా వైపు చూడడు. “మంచినీళ్ళు కావాలా బాబూ?” అని నేను మర్యాదగా అడుగుతాను, వచ్చిన ప్రతిసారీ. వద్దంటాడు. నాకు ఆ వద్దు అన్న మాటతోనే రోజు గడిచిపోతుంది.

చెల్లెల్ని క్షమించానని రాయనా అని టైలరమ్మ అడిగింది. వద్దన్నాను. క్షమించలేదని రాయనా అంది. అదీ వద్దన్నాను. మీ బావ పోయిన రోజు నా చెయ్యి పట్టుకున్న నీ చేతికి అన్నీ తెలుసు. దాని గురించి నీతో మాట్లాడాల్సింది ఉంది. అది ఇంకొకరి చేత రాయించేది కాదు.

రా. చంటిదాన్ని చూడాలనే ఉంది నాకు, ఎలా లేకుండా ఉంటుంది? కానీ ఈసారికి దాన్ని తీసుకురాకు. ఒక్కదానివే రా. పసిపిల్ల ముందు నేను గొంతెత్తి అరవలేను.

అక్క